ఒక కూతవేటు

ఆగస్టు 21, సోమవారం

ఉదయం ఆరింటికి 13 డిగ్రీలు. బీపీ 145/85. ఆప్రికాట్ జామ్ పదకొండు సీసాలు అయింది. పన్నెండోది నిండలేదు, దాన్ని ముందు తినేయాలి.

సెజిమ్ వచ్చి నేటికి నెల. ఓష్ నగరంలో వాళ్ల నాన్న దగ్గరే ఉంటే ఏ బ్యాంకులోనో కూర్చునేది. తనే కోరి మా కైనార్-సాయ్ అటవీ కార్యాలయంలో మ్యాపుల పనిలో చేరింది. నేను ముప్పై ఒక్క ఏళ్లు పనిచేసిన గదిలో, నా కిటికీ పక్కన, ఇప్పుడు నా మనవరాలు కూర్చుంటోంది. మా పాత కాగితం ప్లానును పదేళ్ల కిందట ఎవరో కంప్యూటర్‌లోకి ఎక్కించారు. కాగితాన్ని ఫొటో తీసి, ఉపగ్రహం తీసిన ఫొటో మీద పరిచి, నదీ రోడ్డూ కలిసేదాకా సాగదీశారట. అక్రోటు చెట్ల కింద ఏముందో ఉపగ్రహానికి కనపడదు. అక్కడ మా గీతలే ఉండిపోయాయి. ఇప్పుడు కౌలుకిచ్చిన ప్రతి అడవి చెక్కనూ ఆ మ్యాపు మీద పెట్టి, తేడాలుంటే సరిచేయడం సెజిమ్ పని.

"ఆఫీసంతా నీ గీతల మీదే నడుస్తోంది నానమ్మా" అంది అన్నం దగ్గర.

నడవనిది గీయకూడదు అని చెప్పాను. తనకు ఏడేళ్లప్పుడు పెరటి ప్లాను గీయమని అడుగులు లెక్కపెట్టించిన రోజు కూడా అదే చెప్పాను. గుర్తుంది అంది. గోడ మీది నా ప్రశంసాపత్రం అద్దం తుడిచింది. 1984 అటవీ సర్వే, తొమ్మిది రోజులు ముందే పూర్తి. సంతోషంగా అనిపించింది. రాసుకోవడంలో తప్పు లేదు.

ఆగస్టు 23, బుధవారం

15 డిగ్రీలు. బీపీ 150/90.

సాయంత్రం సెజిమ్ ముఖం మాడ్చుకుని వచ్చింది. కౌలుదారు మమసాలీ చెక్కను మ్యాపు మీద పెడితే మొత్తం పద్నాలుగో కంపార్ట్‌మెంట్‌లో పడిందట. పద్నాలుగోది విత్తనాల కోసం వదిలేసిన అడవి. అక్కడ కౌలు లేదు, కాయ ఏరుకోవడం కూడా లేదు. అక్రోటు కోత మొదలయ్యేలోపు ఖాళీ చేయాలని మమసాలీకి కాగితం వెళ్లింది. సెప్టెంబర్ 12న కమిషన్ కొండెక్కి హద్దు ఖాయం చేస్తుంది.

ఇరవై ఐదేళ్లుగా ఆయనది ఆ చెక్క. కొడుకు లారీ ప్రమాదంలో పోయాక కోడలు గుల్‌బారూ ముగ్గురు పిల్లలూ దాని మీదే బతుకుతున్నారు. వాళ్లకు వేరే పొలం లేదు.

హద్దు నాకు నోటికి వచ్చు. మచ్చల రాయి దగ్గర హద్దు కొయ్య. అక్కణ్ణుంచి గట్టు వెంట పైకి, ఊట దాకా పద్నాలుగు. ఊట దాటితే పదమూడు, అది కౌలు అడవి. ప్లానులో రాయి నుంచి ఊటకు వెయ్యి మీటర్లు. మమసాలీ కౌలు కాగితంలో "ఊట పైన" అని మాత్రమే ఉంది. ఊట ఎక్కడుందో అడవిలో అందరికీ తెలుసు కనుక ఇన్నాళ్లూ అది సరిపోయింది. కంప్యూటర్‌కు తెలియదు. అది ప్లానును అడిగింది.

"1984 కొలతల పుస్తకాలు మిగతా బృందాలవన్నీ ఆఫీసులో ఉన్నాయి. నీదే లేదు. ఇంట్లో ఉందా నానమ్మా?" అని అడిగింది సెజిమ్.

వెతకాలి అన్నాను.

ఆగస్టు 24, గురువారం

పరుపుల దొంతర కింది పెట్టె వెతికాను. పుస్తకం లేదు.

ఆగస్టు 27, ఆదివారం

12 డిగ్రీలు. గుడ్లు ఏడు.

సెలవు రోజైనా సెజిమ్ జీపీఎస్ తీసుకుని కొండెక్కింది. మూడింటికి వచ్చింది, మోకాళ్ల దాకా బురద. బూట్లు గుమ్మం బయటే విప్పమన్నాను. టీ తాగుతూ చెప్పింది, రాయి నుంచి ఊటకు 560 మీటర్లేనట. ప్లానుకూ కొండకూ 440 మీటర్లు తేడా. 560 నిజమైతే మమసాలీ చెక్క పదమూడులోనే ఉన్నట్టు.

"ఎలా నడిచావు?" అన్నాను.

"గట్టు మీదే. నువ్వు గీసినట్టే."

అక్రోటు ఆకు దట్టంగా ఉన్నచోట ఆ యంత్రం తడబడుతుందని నువ్వే కదా చెప్పావు అన్నాను. తడబడుతుంది, పది పదిహేను మీటర్లు, అంది. లోయలో ఇంకా ఎక్కువ తడబడుతుందేమో, నీకు అనుభవం తక్కువ, మళ్లీ కొలువు అన్నాను. అది తలూపింది.

మళ్లీ కొలవమనడం ఎవరైనా చెప్పే మాటే. సరైన పద్ధతి కూడా.

ఆగస్టు 28, సోమవారం

సెజిమ్ పొద్దున్న పోయి మధ్యాహ్నం మళ్లీ పోయింది. 562. 557. అన్నం సగమే తింది.

"ఒక్కటి చెప్పు నానమ్మా. నీ ప్లానులో గీతలన్నీ చూశాను. 347, 812, 1264. ఏ ఒక్కటీ సున్నాతో ముగియదు. ఇదొక్కటే సరిగ్గా వెయ్యి. ఎలా కుదిరింది?"

"కొండ మనల్ని అడిగి పెరగదు. కుదిరింది" అన్నాను.

నవ్వింది. నేను జోక్ వేశాననుకుంది.

ఆగస్టు 30, బుధవారం

పెట్టె మళ్లీ వెతికాను. లేదు. ఎలుకలు కొట్టేసి ఉంటాయని సెజిమ్‌తో చెప్పాను. మా ఇంట్లో ఎలుకలు లేవు. ఒకప్పుడు ఉండేవి.

ఆగస్టు 31, గురువారం

మా దేశ స్వాతంత్ర్య దినం. బడి ముందు పలావు. బియ్యం పదిహేను కిలోలు వండారు, క్యారెట్ తక్కువైంది, చెప్పాను.

మమసాలీ వచ్చి నా పక్కన కూర్చున్నాడు. అరవై నాలుగేళ్లు, నాకన్నా ఏడేళ్లు చిన్న. 1984లో మా బృందంలో కొలత గొలుసు పట్టేవాడు. గొలుసు ఎప్పుడూ బిగుతుగా పట్టేవాడు, ఒక్కసారి కూడా వదులు కానివ్వలేదు.

మొదట తన మోకాలి గురించి చెప్పాడు, తరువాత కోడలి టీ గురించి. అది టీ కాదు, గిన్నె కడిగిన నీళ్లని. గుల్‌బార్ వెనక నుంచే అందుకుంది: "రోజుకు ఆరు గిన్నెలు కడిగిన నీళ్లు తాగుతున్నాడు పెద్దమ్మా. ఏడోది ఇవ్వలేదని ఈ ఏడుపు." అందరం నవ్వాం. తరువాత ఆయన గొంతు తగ్గించి అన్నాడు:

"అక్కా, ఆ కొండ మీకన్నా ఎవరికి తెలుసు. ఊట ఎక్కడుందో మీరొక్క మాట చెప్తే ఆఫీసులో తైర్‌బెక్ వింటాడు."

చూద్దాం అన్నాను.

తన వాటా మాంసం ముక్క నా పళ్లెంలో వేశాడు. తిన్నాను.

సెప్టెంబర్ 3, ఆదివారం

16 డిగ్రీలు. బీపీ 165/95. మాత్ర వేసుకున్నాను.

ఆ రోజు సంగతి రాసి పెట్టుకుంటే మనసు తేలికపడుతుందేమో. 1984 అక్టోబర్ 11. మూడు రోజులుగా వాన. బాబుకు, అంటే సెజిమ్ వాళ్ల నాన్నకు, ఒళ్లు కాలిపోయే జ్వరం. మూడేళ్ల పిల్లవాణ్ణి మా అత్తగారికి అప్పగించి కొండ మీద ఉన్నాను. ఏ తల్లికైనా మనసు ఇంటి మీదే ఉంటుంది. అలాంటప్పుడు ఒక గీత దగ్గర

సెప్టెంబర్ 4, సోమవారం

1984 డైరీ తీసి చూశాను. బాబుకు జ్వరం నవంబర్ 2 నుంచి 6 వరకు. 39.2. అక్టోబర్‌లో వాడికి ఏమీ లేదు. అక్టోబర్ 10 పేజీలో "బాబు రెండు గిన్నెల సూప్ తాగాడు" అని ఉంది.

నిన్న రాసింది అబద్ధం. కొట్టేయలేదు. లెక్కల్లో కొట్టివేత ఉండకూడదు, కింద సరిచేసి సంతకం పెట్టాలి. ఇదే సవరణ.

సెప్టెంబర్ 6, బుధవారం

తైర్‌బెక్ స్వయంగా ఇంటికి వచ్చాడు. నా దగ్గర పని నేర్చుకున్నవాడే. ఇప్పుడు పెద్ద అధికారి అయినా గుమ్మంలోనే టోపీ తీశాడు. రొట్టె, మీగడ, తెరిచిన జామ్ సీసా పెట్టాను.

విషయం ఇది. సెజిమ్ కొలత ఒకటి చెప్తోంది, ప్లాను ఒకటి చెప్తోంది. నియమం ప్రకారం ప్లానును మార్చాలంటే అసలు కొలతల పుస్తకంలో పొరపాటు కనపడాలి. పుస్తకం లేదు కనుక, ప్లానును క్షేత్రంలో కొలిచి గీశామని గీసినవాళ్లు సంతకం పెడితే ప్లానే నిలుస్తుంది.

"మీ మాట చాలు మాకు, జూరాకాన్ అమ్మగారూ. మీరు చుక్క పెట్టారంటే అది కొండ మీద ఉన్నట్టే" అన్నాడు. కాగితం జేబులోనే ఉంది. టైపు చేసి తెచ్చుకున్నాడు.

రెండో వరుసలో ఒక అక్షరం తప్పు పడింది. చూపించాను. అక్కడికక్కడే దిద్దాడు.

సంతకం పెట్టాను.

ఆయన వెళ్లాక బల్ల సర్దుతుంటే రొట్టె బోర్లా పడి ఉంది. నేనే పెట్టి ఉంటాను. అప్పుడే లోపలికి వచ్చిన సెజిమ్ దాన్ని తిప్పి, నుదుటికి ఆనించి పక్కన పెట్టింది. రొట్టెను బోర్లా పెట్టడం మాలో పాపం, మా అమ్మ ఉంటే నాకు చెంపదెబ్బ పడేది.

సెప్టెంబర్ 8, శుక్రవారం

11 డిగ్రీలు. అక్రోటు తొక్కలు పగులుతున్నాయి. ఈసారి కోత త్వరగా వస్తుంది.

సెప్టెంబర్ 9, శనివారం

సెజిమ్ వివరణ పత్రం రాసింది. ఆఫీసులో అడిగారట. తన కొలత 560 ఎలా వచ్చిందో తానే చెప్పుకోవాలి.

"నీ సంతకం చూశాను నానమ్మా. నువ్వు నడిచి కొలిచావంటే నా పొరపాటే అయ్యుంటుంది. ఎక్కడో యంత్రాన్ని సరిగ్గా పట్టుకోలేదేమో. నాలుగుసార్లు అదే పొరపాటు ఎలా చేశానో మాత్రం అర్థం కావట్లేదు" అంది.

నాలుగోసారి ఎప్పుడు కొలిచావు అని అడిగాను. నిన్న పొద్దున్నే, ఎవరికీ చెప్పకుండా, అంది. 559.

పత్రం నాకిచ్చి తప్పులు చూడమంది. చిన్నప్పటి నుంచీ అలవాటు. ఎర్ర పెన్సిల్ తీసుకున్నాను. "కొలిచేవారి అనుభవలేమి వల్ల కలిగిన దోషం" అని రాసింది. అందులో ఒక కామా పెట్టాను. "చింతిస్తున్నాను"లో అక్షరదోషం దిద్దాను. చివర తేదీ లేదు, గుర్తు చేశాను. మొత్తం మూడు తప్పులు.

తిరిగి ఇచ్చేశాను.

థాంక్స్ నానమ్మా అంది.

సెప్టెంబర్ 10, ఆదివారం

మధ్యాహ్నం గుల్‌బార్ గాడిద మీద గుడారం కర్రలు వేసుకుని కొండ దిగి వచ్చింది. కోతకని ఆగస్టులోనే వేసుకున్న గుడారం. వెనక పిల్లలు. చిన్నదాని చేతిలో గంప, గంపలో మూడు కోళ్లు. ప్రతి ఏడూ ఈ రోజుల్లో ఈ కోళ్లు పైనే ఉంటాయి. ఈసారి కిందికి వస్తున్నాయి.

నా వాకిట్లో ఆగి నీళ్లడిగింది. టీ తాగమన్నాను. వద్దంది.

"మీ మ్యాపుకు నోరుంటే అడిగేదాన్ని పెద్దమ్మా. ఇరవై ఐదేళ్లూ ఎక్కడ పడుకున్నావే, ఇప్పుడు కోతకు లేచావు అని." ఆ మాట నన్ను కాదు, మ్యాపునే అంది. తరువాత కొంగులోంచి పచ్చి అక్రోట్లు తీసి అరుగు మీద పెట్టింది. "మావయ్య మీకిమ్మన్నాడు. మొదటి కాయ మీకే అని. ఆఖరిది కూడా ఇదేనట."

పద్దెనిమిది కాయలు. తొక్క తీశాను. చేతులు నల్లబడ్డాయి. సబ్బుకు పోదు ఇది, రెండు వారాలు ఉంటుంది.

సెప్టెంబర్ 11, సోమవారం

పెట్టె వెతకలేదు. ఒక్కసారి కూడా వెతకలేదు. వెతకాల్సిన అవసరమే లేదు. పుస్తకం పెట్టెలో కుడివైపు, నా పెళ్లి కండువా కింద, ముప్పై తొమ్మిదేళ్లుగా ఒకే చోట ఉంది.

సవరణలు. ఆగస్టు 24, అబద్ధం. ఆగస్టు 27, "సరైన పద్ధతి" అన్నది అబద్ధం. ఆ యంత్రం చెట్ల కింద 440 మీటర్లు తప్పదని నాకు తెలుసు. ఆగస్టు 28, "కుదిరింది" అన్నది అబద్ధం. ఆగస్టు 30, ఎలుకలు, అబద్ధం. సెప్టెంబర్ 6, సంతకం. సెప్టెంబర్ 9కి పేరు పెట్టలేను.

జరిగింది ఇది. 1984 అక్టోబర్ 11. వాన పడుతోంది. మమసాలీ నీళ్ల కోసం ముందే ఊట దగ్గరికి వెళ్లాడు. నేను మచ్చల రాయి కింద పొడిగా ఉన్నచోట కూర్చున్నాను. గట్టు జారుడుగా ఉంది, నిజమే. కానీ అంతకు ముందు రోజు ఇంతకన్నా జారుడు గట్టు ఎక్కాను. ఎక్కగలను. ఎక్కలేదు. పక్క బృందం మాకన్నా రెండు గీతలు ముందుందని ఆ ఉదయమే విన్నాను. అంతే. వేరే కారణం లేదు. ఉంటే బాగుండేది, రెండు వారాలుగా దానికోసమే వెతికాను.

పై నుంచి మమసాలీ కేకేశాడు. "అక్కా, నీళ్లు బాగున్నాయి, రండి." వినపడింది. వాడు దిగి వచ్చాక ఊట ఎంత దూరం అని అడిగాను.

"ఎంతక్కా, ఒక చకిరిమ్. నా కేక వినపడింది కదా."

చకిరిమ్ అంటే ఆఫీసులో కిలోమీటరు. కొండ మీద దాని అసలు అర్థమే వేరు, పిలుపు వినపడేంత దూరం, కూతవేటు. మా అమ్మమ్మ వాడేది ఆ మాటను. నాకు తెలియనిది కాదు. ఆ లోయలో కేక కిలోమీటరు పోదని కూడా తెలుసు. కానీ వాడి నోట ఒక అంకె వచ్చింది, నాకు కావలసింది అంకె. 1000 అని రాసేశాను. ఒక మాటకు రెండు అర్థాలుంటే పనికొచ్చేదాన్ని తీసుకున్నాను.

దాని మీద ప్రశంసాపత్రం వచ్చింది.

ఈ పొద్దున పుస్తకం తీసి బల్ల మీద పెట్టాను. ఆఫీసుకు బయల్దేరుతున్న సెజిమ్‌ను కూర్చోమన్నాను. 47వ పేజీ తెరిచింది. పుస్తకమంతా పెన్సిల్. వానకు ఇంకు కారిపోతుందని కొండ మీద పెన్సిల్ తప్ప వాడకూడదని నేనే సెజిమ్‌కు చెప్పాను. పేజీ అంచులన్నీ వాన మరకలు. ఆ ఒక్క పేజీ మాత్రం తెల్లగా ఉంది. దాని మీద చక్కని దస్తూరిలో, ఇంకుతో, ఒకే ఒక్క వరుస.

ఆ వరుస మీద వేలు పెట్టింది.

"ఇది ఇంట్లో కూర్చుని రాశావు" అంది.

"అవును."

"నా పత్రంలో కామా పెట్టావు."

అవునన్నాను. సెజిమ్ పుస్తకాన్ని సంచీలో పెట్టుకుంది. రేపు నువ్వు కూడా కొండ మీదికి రావాలి అంది. నానమ్మా అనలేదు.

సెప్టెంబర్ 12, మంగళవారం

9 డిగ్రీలు. బీపీ చూసుకోలేదు.

మచ్చల రాయి దాకా తైర్‌బెక్ జీపులో వెళ్లాం. కమిషన్ అంటే తైర్‌బెక్, జిల్లా నుంచి వచ్చిన ఒక అమ్మాయి, సెజిమ్. మమసాలీ, గుల్‌బార్ అప్పటికే అక్కడ ఉన్నారు. హద్దు కొయ్య ఇంకా ఉంది. 13, 14 అంకెలు నేను చెక్కించినవే, నాచు పట్టాయి.

నా సంతకం వెనక్కి తీసుకుంటున్నానని చెప్పాను. పుస్తకం తెరిచి ఆ పేజీ చూపించి, నేను ఈ గట్టు ఎక్కలేదని, అడిగి రాశానని చెప్పాను. నిలబడే చెప్పాను. తైర్‌బెక్ టోపీ తీసి మళ్లీ పెట్టుకున్నాడు. ఎటు చూడాలో తెలియక కొయ్యనే చూస్తూ నిలబడ్డాడు. జిల్లా అమ్మాయి, ఎవర్ని అడిగి రాశారు అని అడిగింది.

"నన్నే" అన్నాడు మమసాలీ. ఆయన ముఖంలో కోపం లేదు. కోపం ఉంటే తట్టుకునేదాన్ని. "అక్క ఎక్కలేదని నాకు తెలుసు. వాన కదా. ఇక్కడే కూర్చుంది, ఈ రాయి కిందే. దూరం నేను చెప్పాను కదా, చదువుకున్నావిడ సరిగ్గానే రాసుకుని ఉంటుందనుకున్నాను."

ఎంత చెప్పారు తాతా, అని అడిగింది జిల్లా అమ్మాయి.

"చకిరిమ్."

"అంటే కిలోమీటరు."

"కిలోమీటరు వినపడే గొంతుంటే ఈ అడవిలో ఎందుకమ్మా, పెళ్లిళ్లలో పాడుకుని బతికేవాణ్ణి" అన్నాడు. ఎవరూ నవ్వలేదు. తరువాత నా వైపు తిరిగి మెల్లగా అడిగాడు: "మీరు కిలోమీటరు రాశారా అక్కా?"

రాశానన్నాను.

ముప్పై తొమ్మిదేళ్లు ఆయన నా తప్పును మోశాడు, అది తప్పని తెలియకుండా. తెలిసింది ఈ రోజే, నా నోటి నుంచే.

సెజిమ్ యంత్రం పట్టుకుని గట్టెక్కింది, వెంట జిల్లా అమ్మాయి. ఇరవై నిమిషాలు. మేం కింద ఉన్నాం. గుల్‌బార్ నా పక్కన నిలబడలేదు, కొంచెం దూరంగా నిలబడింది. అక్రోట్లు అక్కడక్కడా రాలుతున్నాయి, ఆకుల మీద పడ్డ చప్పుడు వినపడుతోంది. ఉన్నట్టుండి పై నుంచి కేక.

"నానమ్మా, ఊట దగ్గరున్నాం."

స్పష్టంగా వినపడింది. మమసాలీ తల వంచుకుని విన్నాడు. "అదీ. ఒక చకిరిమ్" అన్నాడు.

561 అని రాశారు. హద్దు ఊట దగ్గరే అని, చెక్క పదమూడులోనే ఉందని, కోతకు అడ్డు లేదని కాగితం అక్కడే, జీపు బానెట్ మీదే, అయింది. సెజిమ్ వివరణ పత్రాన్ని తైర్‌బెక్ వెనక్కి ఇచ్చేశాడు. గుల్‌బార్ వెంటనే వెళ్లిపోయింది. రేపటి నుంచే కోత, గుడారం మళ్లీ వేసుకోవాలి. పోతూ పోతూ, రోజున్నర పని పాడైంది పెద్దమ్మా, అంది. అంతవరకే అంది. రోజున్నర అన్నది సరైన లెక్కే.

నన్ను నానమ్మా అని పిలిచింది దూరంగా ఉన్నందుకేనేమో. దగ్గరికి వచ్చాక పిలవలేదు.

సెప్టెంబర్ 13, బుధవారం

ప్రశంసాపత్రం గోడ మీంచి తీశాను. కింద గోడ తెల్లగా ఉంది, 30 సెంటీమీటర్లకు 21. మిగతా గోడంతా ఇంత మాసిందని ఇప్పుడే తెలిసింది. సున్నం వేయాలి.

నా వివరణ పత్రం నేను రాశాను. అనుభవలేమి అని రాయడానికి లేదు నాకు. ఎవరికీ దిద్దడానికి ఇవ్వలేదు.

సెప్టెంబర్ 14, గురువారం

సెజిమ్ మ్యాపును ఇంటికి తెచ్చి బల్ల మీద తెరిచింది. ఇకనుంచి ప్రతి గీత పక్కన ఒక గడి ఉంటుందట, అది ఎలా తెలిసిందో రాయాలి. నడిచి కొలిచినది. పాత కాగితం నుంచి తీసినది. ఒకరి నోటి మాట. తైర్‌బెక్ ఒప్పుకున్నాడట.

1984 నాటి నా గీతలు ముప్పై ఒకటి. ఒక్కోటి ఎత్తి అడుగుతోంది, గొంతులో చనువేమీ లేదు, ఆ జిల్లా అమ్మాయి గొంతులా ఉంది. ఇది? నడిచాను. ఇది? నడిచాను. ఇది? నడిచాను.

మొత్తం ముప్పై. ఆ ఒక్కటీ తప్ప.

"ఆ ఒక్కటేనా?" అంది.

"ఆ ఒక్కటే."

సెప్టెంబర్ 15, శుక్రవారం

10 డిగ్రీలు. బీపీ 140/85.

సవరణ. ఆ ఒక్కటే కాదు. ఆరో కంపార్ట్‌మెంట్ నుంచి ఏడుకు పోయే గీత పై సగం, ఇరవై రెండో దాని వెనక వాగు గీత. ఇవి కూడా నడవలేదు. ఒకటి పొద్దుపోయిందని. రెండోదానికి కారణం గుర్తు లేదు. ఉండి ఉండదు.

టీ దగ్గర సెజిమ్‌కు చెప్పాను. ముందు నా ముఖంలోకి చూసింది, తరువాత నల్లబడ్డ నా చేతుల్లోకి. గిన్నె పక్కన పెట్టి లేచి, గుమ్మం దగ్గరికి వెళ్లింది. బూట్లు ఒక జతే తెచ్చుకుంటుందనుకున్నాను. నా పాత బూట్లు కూడా దులిపి, పక్కన పెట్టింది.

"వాగు గీత ముందు కొలుద్దాం నానమ్మా. అది దగ్గర."